ఇంకా రెండు పేజీలు

మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నిన్న పొద్దున ఒక ఫోటో వచ్చింది. గోధుమరంగు పట్టుచీర, భుజాల మీద జరీ శాలువా, జోడించిన చేతులు. కింద “మన పియానో టీచరు గారు ఇక లేరు” అని రాశారు. ఆ కింద దండం బొమ్మలు బారులు తీరాయి. “ఎంత ప్రశాంతమైన నవ్వో” అని ఒకావిడ రాసింది. ఆ ఫోటోలో పియానో పక్కన సగానికి తెగిపోయిన మనిషిని నేనే. అందుకని చెబుతున్నాను, ఆవిడ నవ్వడం లేదు. పళ్ళు బిగబట్టి ఉన్నారు.

నరసాపురంలో తన చెల్లెలి కూతురింట్లో పోయారట. మా ఆయన ఫోనులోంచి తలెత్తకుండానే “ఎవరూ?” అన్నారు. ఫోటో ఆయన ముందు పెట్టాను. ఈ దోహాలో ఎందరో పరిచయమయ్యారు, వీసాలు అయిపోయి వెళ్ళిపోయారు. చాలామంది ముఖాలు కూడా గుర్తు లేవు. ఈవిడని మాత్రం నిన్న చూసినట్టు చెప్పగలను.

పేరు రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆవిడకి నచ్చేది కాదు. “టీచర్ అనండమ్మా, చాలు. పేరు పాస్‌పోర్టులో ఉంది” అనేవారు.

మేం అప్పుడూ ఇప్పుడూ దోహాలోని ఐన్ ఖాలిద్‌లోనే. ఆవిడ గది మదీనత్ ఖలీఫాలో, ఒక పెద్ద విల్లా వెనకాల. ప్రపంచ కప్పు వస్తోందని ఊరు ఊరంతా తవ్వి పోసిన కాలం అది. పోయిన వారం వెళ్ళిన రోడ్డు ఈ వారం ఉండేది కాదు. మా అమ్మాయిని క్లాసులో దించడానికి డైవర్షన్ బోర్డుల్ని తిట్టుకుంటూ నేనే కారు నడిపేదాన్ని. మొదటి రోజు ఆలస్యంగా చేరాం. ఏమీ అనుకోవద్దని చెప్పేలోపే ఆవిడ నెయిల్ కట్టరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ముందు మా అమ్మాయి గోళ్ళన్నీ మొదలంటా తీసేశారు. తర్వాత నా వైపు తిరిగి “మీరూ ఇవ్వండి” అన్నారు.

“నాకెందుకండీ? నేర్చుకునేది పిల్ల కదా.”

“ఇంట్లో పిల్ల పక్కన కూర్చునేది మీరే కదమ్మా. వేలు పెట్టకుండా ఊరుకుంటారా?”

అన్నిట్లో వేలు పెట్టే మనిషినని ముఖం చూడగానే ఎలా కనిపెట్టారో! తమ్ముడి పెళ్ళికని ముచ్చటపడి పెంచుకున్న గోళ్ళు. నోరు మూసుకుని రెండు చేతులూ చాపాను.

ఆ గదిలో ఒక మంచం, ఒక గ్యాస్ స్టవ్వు, గోడకి ఆనించిన పియానో. విల్లాని చెక్క గోడలతో ముక్కలు చేసి అద్దెకిచ్చారు కాబట్టి పక్క ముక్కలో చంటిపిల్ల తల్లి, ఆ పక్క ముక్కలో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషి. ఏసీ గాలి తిన్నగా పియానో మీదికి కొట్టేలా మంచాన్ని పక్కకి జరిపేశారు ఆవిడ. వేసవిలో తను పనిచేసే స్కూలుకి వెళ్ళినప్పుడు కూడా ఏసీ ఆపేవారు కాదు. “నాకు చెమట పట్టినా బతుకుతానమ్మా, దానికి పడితే గొంతు పోతుంది” అనేవారు. బయట తవ్వకాల దుమ్ము సందు దొరికితే చాలు లోపలికి వచ్చేది. దాని మీద పాత నేత చీరలు రెండు మూడు కప్పి, రోజూ తీసి, దులిపి, మళ్ళీ కప్పేవారు. తన కోసం ఒక్క కొత్త చీర కొనుక్కోగా నేను చూడలేదు.

ఆ పియానోకి కింద మూడు పెడళ్ళు. మధ్యది తొక్కి పక్కకి నొక్కితే లోపల తీగలకీ సుత్తులకీ మధ్య ఒక ఉన్ని పట్టీ దిగుతుంది. అప్పుడు ఎంత గట్టిగా వాయించినా దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తుంది. చంటిపిల్ల లేస్తుందని, పక్క మనిషి నిద్ర చెడుతుందని ఆ పెడలు ఎప్పుడూ నొక్కే ఉండేది. దోహాలో అన్నేళ్ళూ ఆవిడ తన పియానో అసలు గొంతు వినలేదు. ఇది తెలిసిన రోజున నాకు ఒళ్ళు మండిపోయింది. “ఒక్క గంట తీసెయ్యండి, వాళ్ళే సర్దుకుంటారు” అన్నాను. “పసిపిల్లమ్మా” అన్నారు, అక్కడితో ఆ మాట అయిపోయింది.

పాఠం ఇంగ్లీషులో, తిట్లు తెలుగులో. ఎడమ చెయ్యిని “ఆయన” అనేవారు, కుడి చెయ్యిని “ఇది” అనేవారు. “ముందు ఆయన్ని పీట వేసి కూర్చోబెట్టు. ఆయన కదలకుండా కూర్చుంటే ఇది ఎంతైనా ఎగరొచ్చు” అని మా అమ్మాయికి చెప్పేవారు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా ఆయన తెగ మురిసిపోయారు. మనింట్లో కదలకుండా కూర్చునేది ఎవరో, వంటింట్లో ఎగిరేది ఎవరో గుర్తు చేశాక కాస్త తగ్గారు.

పాశ్చాత్య సంగీతంలో బరోక్ కాలం అంటే ఏమిటి, రొమాంటిక్ కాలం అంటే ఏమిటి అని ఒకసారి అడిగాను. బయట ఎక్కడో పునాదికి గుంజలు దిగగొట్టే యంత్రం ధన్ ధన్‌మని మోగుతోంది. “బరోక్ అంటే ఇల్లు కట్టడం. ఇటుక మీద ఇటుక, ఒక్కటి వంకరపోయినా కనిపిస్తుంది. రొమాంటిక్ అంటే ఆ ఇంట్లో ఒక్కళ్ళూ కూర్చుని ఏడవడం” అన్నారు. “కట్టడం అయ్యాకే ఏడవాలి” అని కూడా అన్నారు. ఆ మాట అన్నప్పుడు ముఖంలో నవ్వు లేదు.

చిన్నప్పుడు మిషన్ బడిలో ఒక దొరసాని నేర్పిందట. అప్పట్నుంచి ఆవిడ ఒక్కరే తన కోసం వాయించింది లేదు. చర్చిలో పాడేవాళ్ళ వెనకాల, స్కూలు వార్షికోత్సవంలో చిన్నపిల్లలు కుందేళ్ళ వేషాలేసుకుని గెంతుతుంటే వాళ్ళ వెనకాల, పరీక్షల్లో వయొలిన్ పిల్లల వెనకాల. మన తెలుగు సంఘం వాళ్ళు ఉగాదికి పిలిస్తే, నాయకులు వేదిక ఎక్కి దిగేంతసేపు కీబోర్డు మీద ఏదో ఒకటి మోగించమంటే అదీ చేశారు. జనం సమోసాలు తింటూ మాట్లాడుకుంటున్నారు, ఆవిడ మోగిస్తున్నారు. “ఎందుకొప్పుకున్నారండీ?” అని కారులో కస్సుమన్నాను.

“అడిగారు కదమ్మా.”

ఆవిడని దేని గురించి అడిగినా ఇదే జవాబు. జ్వరంతో శనివారం క్లాసు ఎందుకు పెట్టారు? అడిగారు కదమ్మా. సెలవు మానుకుని ఇంకొకరి బదులు ఎందుకు వెళ్ళారు? అడిగారు కదమ్మా. ఆవిడని ఎవరూ ఏమీ అడగకుండా కాపలా కాయాలని నాకు అనిపించేది.

చివరి ఏడాది స్కూలు వాళ్ళు వయసైపోయిందని వీసా ఇక పొడిగించేది లేదన్నారు. విల్లా కూడా కూలగొడతారని నోటీసు అంటించారు. పియానో నరసాపురం దాకా మోసుకెళ్ళే దారి లేదు. కొత్తగా కడుతున్న ఒక హోటలు వాళ్ళు లాబీలో పెట్టుకుంటామన్నారు. వాయించడానికా అని అడిగాను. “చూడ్డానికమ్మా. పైన పూలకుండీ పెడతారట” అన్నారు.

ఆ రోజే ఆవిడ నోటి నుంచి మొదటిసారి తన కోసం ఒక కోరిక విన్నాను. చీర కొంగుతో పియానో మెట్లు తుడుస్తూ, నా వైపు చూడకుండా అన్నారు. “ఒక్కసారి, మొదట్నించీ చివరిదాకా, ఎవరి వెనకాలా కాకుండా వాయించుకుని వెళ్ళాలనుందమ్మా. ముందు బరోక్, తర్వాత రొమాంటిక్. గంటన్నర. మధ్యలో ఎవరూ లేపకూడదు.”

నేను ఊరుకుంటానా? సంఘం అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాను. ఆయనది కడప. మనిషి చెడ్డవాడు కాదు, కార్యక్రమం అంటే ప్రాణం. ఒక స్కూలు ఆడిటోరియం శుక్రవారం సాయంత్రానికి ఇప్పిస్తానన్నాడు.

“అంతా మేడం చెప్పినట్లే చేస్తాం. కానీ సన్మానం లేకుండా ప్రోగ్రామేందమ్మా? గెస్టును పిలుస్తాం, శాలువా కప్పుతాం. ఇన్నేండ్లు మన పిల్లోల్లకు నేర్పిందే ఆయమ్మ, ఉత్త చేతుల్తో పంపిస్తామా?”

“అన్నీ చివర్లో. వాయించడం అయ్యాక” అన్నాను. సరేనన్నాడు. మాట మీద నిలబడే ఉద్దేశమే అతనిది, నాకు అనుమానం లేదు.

పేజీలు తిప్పడానికి నన్నే ఎంచుకున్నారు టీచరు గారు. మా అమ్మాయికి నోట్సు చదవడం వచ్చు కదా, దాన్ని పిలవండన్నాను. “చదవడం వచ్చినవాళ్ళు నాకంటే ముందు వెళ్ళిపోతారమ్మా. మీకు ఏమీ రాదు కాబట్టి నేను చెప్పినప్పుడే తిప్పుతారు” అన్నారు. పొగిడారో తిట్టారో తేల్చుకునేలోపే తర్ఫీదు మొదలైంది. ఆవిడకి ఎడం పక్కన కూర్చోవాలి. పేజీ పైమూల పట్టుకుని ఆవిడ గడ్డం చూస్తూ ఉండాలి. గడ్డం ఒక్క వెంట్రుకవాసి కిందికి దిగితే తిప్పెయ్యాలి. నేను పొరపాటున తొందరపడితే చెయ్యి ఆపకుండానే మోచేత్తో పొడిచేవారు.

చివరి పాట చాలా పెద్దది. అందులో ఇంకా రెండు పేజీలు ఉందనగా ఒక చోట అంతా ఆగిపోతుంది. రెండు చేతులూ గాలిలోకి లేస్తాయి, లేచి అలాగే ఉండిపోతాయి. “ఇక్కడ మీరు ఊపిరి కూడా పీల్చకండి. ఇది కూడా పాటే. రాసిన ఆయన మౌనం రాశాడు” అన్నారు. దాని తర్వాత ఏం వస్తుందని అడిగాను. “అప్పటిదాకా ఏడిచిందానికి జవాబు” అన్నారు. సాధనలో మాత్రం అక్కడికొచ్చేసరికి పుస్తకం మూసేసేవారు. చివరి రెండు పేజీలూ ఉన్ని పట్టీ కింద వాయించనని, హాల్లోనే వాయిస్తానని పట్టుపట్టారు.

మా ఆయన కంపెనీలో జగిత్యాల వైపు మనుషులున్నారు. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఉంటూ స్టేడియం పనికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళే శుక్రవారం సెలవు పూట వచ్చి పియానోని బండెక్కించి హాల్లో దించి వెళ్ళారు. మర్నాడు పొద్దున డ్యూటీకి పోయేలోపు వచ్చి హోటలుకి చేరుస్తామన్నారు. ఆ మధ్యాహ్నమే టీచరు గారికి విమానం.

హాలు నిండింది. నేను మైకులో చెప్పాను, టీచరు గారు లేచి నిలబడేదాకా ఎవరూ చప్పట్లు కొట్టొద్దని. మనవాళ్ళు అంత బుద్ధిగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ మధ్య పెడలు మీద కాలు పెట్టి పట్టీని పైకి లేపారు. మొదటి మెట్టు నొక్కారు. ఆ శబ్దానికి ఆవిడే ఉలిక్కిపడి నా వైపు చూశారు. కళ్ళల్లో నీళ్ళు నిలిచాయి. తర్వాత తల దించుకుని ఇల్లు కట్టడం మొదలుపెట్టారు.

బరోక్ అయింది. ఎవరూ కదల్లేదు. రొమాంటిక్ మొదలైంది. నేను గడ్డం చూస్తున్నాను, తిప్పుతున్నాను, చూస్తున్నాను. చివరి పాట సగంలో ఉండగా తెర పక్కన అలికిడి వినిపించింది. ముఖ్య అతిథికి ఇంకో కార్యక్రమం ఉందట, స్టేడియం వాళ్ళదేదో. గడియారం చూసుకుంటున్నాడు. అధ్యక్షుడు చేతిలో శాలువా మడత పట్టుకుని ఒక కాలు మీద నిలబడి ఉన్నాడు.

మౌనం వచ్చింది. ఆవిడ చేతులు గాలిలోకి లేచాయి.

అధ్యక్షుడు అయిపోయిందనుకున్నాడు. మన పద్ధతి ఆయనకి రక్తంలో ఉంది. కళాకారిణి చేతులెత్తగానే వేదిక ఖాళీగా ఉండకూడదు. గెస్టుని ముందుకి తోసుకుంటూ వచ్చేశాడు. ఆవిడ చేతులు ఇంకా దిగలేదు, శాలువా వెనక నుంచి భుజాల మీద పడింది. నేను తల అడ్డంగా ఊపుతున్నాను, వద్దు వద్దని. ఎవరికీ కనపడలేదు. గెస్టు ఆవిడకి ఎదురుగా వచ్చి నమస్కారం పెట్టాడు. నమస్కారం పెట్టిన మనిషి ముందు కూర్చుని ఉండటం ఆవిడకి తెలియదు. ఎవరూ నేర్పలేదు. లేచి నిలబడ్డారు.

అంతే, హాలంతా విరుచుకుపడింది. లేచేదాకా కొట్టొద్దని చెప్పింది నేనే కదా. గంటన్నర దాచుకున్న చప్పట్లన్నీ ఒక్కసారి కొట్టారు. నా చెయ్యి ఇంకా పేజీ మూలనే ఉంది. ఫోటో అప్పుడే తీశారు.

“టీచర్ గారూ, ఇంకా రెండు పేజీలున్నాయి” అన్నాను, చెవి దగ్గరికి వంగి.

“తెలుసమ్మా. లేచాను కదా.”

తెర వెనక అధ్యక్షుణ్ణి పట్టుకుని కడిగేశాను. అతని ముఖం పాలిపోయింది. “అయ్యో, దేవుడా! నాకేం తెలుసమ్మా, చేతులెత్తేసింది గదా ఆయమ్మ. సన్నగా ఒక్క సైగ చేసింటే నిలబడిపోదును.” కళ్ళు తుడుచుకున్నాడు కూడా. వెంటనే ఒక ఉపాయం తట్టింది అతనికి. “తర్వాత ఎక్కే డాన్సు పిల్లోల్లు రెడీ అయ్యేదానికి ఇంకా టైముంది. ఆలోపల ఆ రెండు పేజీలు వాయించమని అడగండి మేడంని.” టీచరు గారు విన్నారు. వద్దని తల ఊపారు. ఆవిడ దేనికైనా వద్దనడం అదొక్కసారే చూశాను.

మర్నాడు పొద్దున్నే హాలుకి వెళ్ళాం. కుర్చీలు అడ్డదిడ్డంగా ఉన్నాయి, కింద పూల రేకులు. జగిత్యాల మనుషులు తాళ్ళు, గోనెలు పట్టుకుని వచ్చారు. వాళ్ళలో పెద్దవాడు పియానో చుట్టూ ఒకసారి తిరిగి, తలగుడ్డ తీసి అడిగాడు.

“మేడం, ఓపారి వాయించున్రి. నిన్న దించి పోయినం, సప్పుడు ఇననే లేదు. ఏం మోస్తున్నమో మాక్కూడ ఎర్కుండాలె గదా.”

పుస్తకం నా సంచీలోనే ఉంది. తీసి చివరి రెండు పేజీల దగ్గర తెరిచి స్టాండు మీద పెట్టాను. “ఎంతసేపు టైముంది బాబూ?” అని అడిగారు టీచరు గారు.

“సూపర్‌వైజర్ ఫోన్ జేసేదాక మనదే మేడం.”

ఆవిడ కూర్చున్నారు. పేజీల వైపు చూశారు. మెల్లగా పుస్తకం మూసి నా చేతికిచ్చి, అతన్ని అడిగారు. “మీకేం కావాలి?”

అతను సిగ్గుపడ్డాడు. “మాకాడ బతుకమ్మ ఆడంగ మా అమ్మ ఒకటి పాడుతది. గా పాట అస్తదా మేడం?”

“మీరు అనండి. నేను వెనకాల వస్తాను.”

అతను ఫోను తీసి ఊళ్ళో అమ్మకి కలిపి, స్పీకరు పెట్టి పియానో మీద ఉంచాడు. “అమ్మా, దుబాయ్‌ల గూడ మన పాట కొడ్తున్నరు, ఇను” అన్నాడు. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. తర్వాత కళ్ళు మూసుకుని పాడాడు. ఆవిడ ఎడమ చేత్తో పీట వేశారు, కుడి చేత్తో అతని గొంతు పక్కనే నడిచారు. అతను తప్పిన చోటల్లా తనూ ఆగి, కలుపుకుని తీసుకెళ్ళారు. మిగతావాళ్ళు తాళ్ళు కింద పెట్టి నిలబడ్డారు. రెండో చరణంలో మరొకతని ఫోను మోగింది. “యల్లా, యల్లా” అని, తొందరగా రమ్మని అవతల అరుపు నా దాకా వినిపించింది. ఆవిడే ముందు చేతులు తీసేశారు. “లేవండి బాబూ, మీకు డ్యూటీ ఉంది” అన్నారు.

ఎయిర్‌పోర్టు దారి ఆ వారం మళ్ళీ మారింది. బారికేడ్ల మధ్య కారు పాకుతోంది. నాకు కోపం ఆగలేదు. ఆవిడ మీద కూడా కోపమే. ఎదురుగా చూస్తూ అడిగాను. “పుస్తకం తెరిచి ఎదురుగా పెట్టాను కదండీ. ఆ రెండు పేజీలూ ఎందుకు వాయించలేదు?”

“అడిగారు కదమ్మా, ఆ పాట” అన్నారు. కారు ఇంకో బారికేడు దాటాక మళ్ళీ అన్నారు. “అవి జవాబమ్మా. ముందున్నది విననివాళ్ళకి అది దేనికి జవాబు? నిన్న విన్నవాళ్ళు ఇవాళ లేరు. ఇవాళున్నవాళ్ళు నిన్న వినలేదు.”

“నేనున్నాను కదండీ! రెండు రోజులూ పక్కనే ఉన్నాను. నా కోసమైనా వాయించొచ్చు కదా.”

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు. అంతకు ముందెప్పుడూ అలా వేయలేదు.

“మీరు నా గడ్డం చూస్తున్నారమ్మా. మీరూ వినలేదు.”

కారు నడుపుతూ, ముందు రోజు సాయంత్రం అంతా మనసులోకి తెచ్చుకోవడానికి చూశాను. గడ్డం కింద ముడత, చెవి పక్కన నెరిసిన పాయ, పేజీ మూల మీద నా వేలి చెమట, అన్నీ వచ్చాయి. ఒక్క స్వరం రాలేదు.